మిషన్ చెప్పిన మాట

రామాంజులు ఇంట్లో ఆ మిషన్‌కు ఉన్న మర్యాద రామాంజులుకు లేదు. అరచేతిలో ఇమిడిపోయే బూడిదరంగు ప్లాస్టిక్ పెట్టె అది. దేవుడి గూట్లో పటాల పక్కన పసుపు గుడ్డలో చుట్టి ఉంటుంది. ఆయుధపూజ రోజున ముసలామె గంగక్క దానికి కుంకుమబొట్టు పెట్టబోతే, అద్దం మీద పడితే అంకెలు కనపడవని కోడలు మల్లీశ్వరి చెయ్యి పట్టుకుంది. సరేనని గంగక్క దాన్ని బోర్లించి వీపు మీద పెట్టింది. బొట్టు పెట్టించుకున్న మిషన్ ఆ జిల్లాలో ఇంకొకటి ఉందో లేదో తెలియదు.

ఆ మర్యాద ఊరికే రాలేదు. రెండేళ్ల కిందట, కూతురు సునందకు ఏడేళ్లప్పుడు, పిల్ల చెంబులకు చెంబులు నీళ్లు తాగడం మొదలుపెట్టింది. మాటిమాటికీ ఒంటికి పరిగెత్తేది. తిన్న తిండి ఏమైపోతోందో తెలియకుండా చిక్కి శల్యమైంది. నల్లమాడ చుట్టుపక్కల ఈ ఎండలకు దప్పిక వేయనిదెవరికి, అన్నారు ఊళ్లో. గాలి సోకిందని ఇంకొందరు తాయెత్తు కట్టించారు. మల్లీశ్వరి మాత్రం తన కళ్లను నమ్ముకుంది. నవ్వుతోంది కదా, ఆడుకుంటోంది కదా, ఏమీ కాదనుకుంది. ఒకనాటి పొద్దున లేపితే పిల్ల లేవలేదు. ఊపిరి బుసలు కొడుతోంది, నోట్లోంచి మాగిపోయిన పండు వాసన వస్తోంది. కదిరికి ఎత్తుకుపోతే అనంతపురం పొమ్మన్నారు. అనంతపురంలో దివాకర్ అనే డాక్టరు కిందామీదా పడి బతికించాడు. ఇంకొక్క పూట ఆలస్యమై ఉంటే మనిషి దక్కేది కాదని ఆయన చెప్పినప్పుడు మల్లీశ్వరి ఆసుపత్రి వరండాలో గోడకు ఆనుకుని అట్లాగే జారి కూర్చుంది.

ఇది పెద్దవాళ్లకు వచ్చే చక్కెర జబ్బు కాదనీ, పిల్లలకు వచ్చేదనీ, ఒంట్లో ఊరవలసిన ఇన్సులిన్ వీళ్లకు ఊరదనీ, మాత్రలతో పని కాదనీ, బతికినన్నాళ్లూ రెండు పూటలా సూదితో వేసుకోవలసిందేననీ దివాకర్ విడమరిచి చెప్పాడు. ఎవరో దాతలు ఇచ్చిన ఆ మిషన్‌ను చేతిలో పెట్టాడు. వేలు పొడిచి రక్తపు చుక్కను దానికి తగిలించిన పట్టీకి అంటిస్తే అది అయిదు, నాలుగు, మూడు అని వెనక్కి లెక్కపెట్టి, రక్తంలో చక్కెర ఎంతుందో అంకె చూపిస్తుంది. నూటికి కాస్త అటూ ఇటూ ఉంటే మంచిది. మరీ పెరిగితే దప్పిక, వాంతులు, మొన్న చూసినట్టు మగత. మందు ఎక్కువై చక్కెర మరీ పడిపోతే చెమటలు, వణుకు, తలాతోకా లేని మాటలు, ఆ పైన ఫిట్సు. అప్పుడు క్షణం ఆగకుండా నోట్లో చక్కెర వేయాలి. ఈ రెండోదాన్ని కూడా ఆయన ఒకటికి రెండుసార్లు చెప్పాడు. కానీ మల్లీశ్వరి కళ్లారా చూసింది మొదటిదాన్నే, భయమూ దాని గురించే పట్టుకుంది.

ఆనాటి నుంచి ఆమె తన కళ్లను నమ్మడం మానేసింది. అవి ఒకసారి మోసం చేశాయి, మిషన్ చేయదు. పిల్లకెట్లుంది అని ఎవరన్నా అడిగితే పక్కనే గెంతుతున్న పిల్ల మొహం వైపు కూడా చూడకుండా పొద్దున వచ్చిన అంకె చెప్పేది. ఇంట్లోంచి బెల్లం పోయింది, చక్కెర పోయింది. చక్కెర పడిపోయినప్పుడు పనికొస్తుందని డాక్టరు గ్లూకోజు పొట్లం ఒకటి ఇంట్లో పెట్టుకొమ్మన్నాడు. కొన్నాళ్లకు ఆ పొట్లం మూల చిరిగి కనిపించింది, సునంద మూతి తెల్లగా కనిపించింది. పిల్లకు నాలుగు తగిలించి పొట్లాన్ని దిబ్బలో పారేసింది మల్లీశ్వరి. మళ్లీ కొనలేదు. పడిపోవడం అనేది ఈ ఇంట్లో జరగదులే అనుకుంది.

ఇక రామాంజులు వంతు సెల్‌ఫోన్. ఊళ్లో సిగ్నల్ రాదు. ఊరి వెనక గుట్ట మీద ఒక బండ ఉంది, దాని మీద నిలబడితే రెండు గీతలు వస్తాయి, పక్కకు జరిగితే పోతాయి. మిషన్ అంకె చెప్పగానే ఆయన గుట్టెక్కి డాక్టరుకు మెసేజ్ కొడతాడు, ఎంత మందు వేయాలో డాక్టరు తిరిగి మెసేజ్ ఇస్తాడు. శెనక్కాయ చేనికి కూడా అంత నిష్ఠగా పోయిన మనిషి కాదు రామాంజులు, గుట్టకు మాత్రం ఒక్కరోజు తప్పలేదు. ఈ పద్ధతిలో పిల్ల రెండేళ్లు చక్కగా పెరిగింది, బడికి పోయింది, ఒళ్లు చేసింది. అది ఎవరూ కాదనలేరు.

ఇప్పుడు గంగక్క మొక్కు సంగతి చెప్పాలి. పిల్ల ఆసుపత్రిలో కళ్లు తెరవకుండా పడున్నప్పుడు ఆమె వరండాలో చెంగు పట్టి ఊరి పీర్ల సామికి మొక్కుకుంది. మనవరాలు బతికి బట్టకడితే పీర్ల పండగకు చక్కెర చదివించి, ఆ పిల్ల చేత్తోనే గడప గడపకూ పంచిపెట్టిస్తానని. ప్రపంచంలో ఇన్ని వస్తువులుండగా చక్కెర జబ్బు పిల్లకు చక్కెర మొక్కు ఏమిటని మల్లీశ్వరి ఒంటికాలి మీద లేచింది. మొక్కినప్పుడు జబ్బు పేరు తనకేం తెలుసని గంగక్క వాదన. నిరుడు ఇంట్లో మైలపడి మొక్కు తీరలేదు. ఈ ఏడు పీర్లు ఏటికి పోయే రోజున తీర్చక తప్పదంది. చివరికి అత్తాకోడళ్ల మధ్య ఒక రాజీ కుదిరింది. పిల్ల పంచవచ్చు, నాలుకకు మాత్రం తగలకూడదు. మల్లీశ్వరి పక్కనే ఉండి చూసుకుంటుంది.

ఉండేదే. కానీ ఆ పొద్దునే నీళ్ల ట్యాంకరు వచ్చింది. బోర్లన్నీ ఎండిపోయి ఊరంతా ట్యాంకరు మీదే బతుకుతున్న రోజులవి, అది ఎప్పుడొస్తే అప్పుడే పండగ. బిందెలు తీసుకుని మల్లీశ్వరి అటు పరిగెత్తింది. పీర్ల సావిడిలో పీర్లకు పూజ చేసే ముజావరు ఊదు పొగ వేసి దువా చదివి గంప చక్కెర ఇచ్చాడు. గంప గంగక్క నెత్తిన, పంచడం సునంద చేత. మొక్కు తీరేదాకా ఇద్దరూ ఏమీ తినలేదు. ప్రతి గడప ముందూ నిలబడి పిల్ల పిడికిలి నిండా తీసి కొంగుల్లో, పళ్లాల్లో పోసింది. తొమ్మిదేళ్ల పిల్లకు ఊరందరికీ పెట్టే చెయ్యి తనదైనందుకు గర్వంగా ఉంది. పని అయిపోయాక చేతులు కడుక్కుంటానంటే గంగక్క వారించింది. సామి చక్కెర పంచిన చేతులు పీర్లు ఏటికి పోయేదాకా కడగకూడదు, నెత్తికి రాసుకోవాలి. ఆ ఊళ్లో అందరూ చేసేదే అది. సునంద రెండు చేతులూ నెత్తికి రాసుకుని, మిగిలింది పావడాకు తుడుచుకుంది.

మల్లీశ్వరి చివరి బిందె దించుకుని వచ్చేసరికి మిట్టమధ్యాహ్నమైంది. పిల్ల అరుగు మీద కూర్చుని ఉంది. పెదవులు ఎండిపోయి ఉన్నాయి, కళ్లల్లో నీరసం ఉంది. ఊరంతా ఎండలో తిరిగితే ఎవరికైనా ఉంటుంది. కానీ అమ్మకు అనుమానం పుట్టింది. నీళ్లు కావాలని పిల్ల అడిగేసరికి ఆ అనుమానం కాస్తా భయమైంది. రెండేళ్ల కిందట కూడా ఇట్లాగే నీళ్లు అడిగింది.

గూట్లోంచి మిషన్ తెచ్చింది. వేలు పొడిచే ముందు సబ్బుతో చెయ్యి కడగాలని ఆసుపత్రిలో నర్సు నేర్పింది. ఇంటికొచ్చాక మొదట్లో కడిగారు. నీళ్ల కరువులో ఆ కడగడం తడి కొంగుతో తుడవడమైంది, తర్వాత పొడి కొంగుతో తుడవడమైంది. ఇన్నాళ్లూ ఏ తేడా రాలేదు. ఇప్పుడూ కొంగుతో వేలు ఒకసారి రుద్ది పొడిచింది. మిషన్ వెనక్కి లెక్కపెట్టి నాలుగొందల ముప్పై ఎనిమిది అని చూపించింది.

ఈ రెండేళ్లలో అంత అంకె ఎప్పుడూ రాలేదు. భయమే చెయ్యిగా మారి పిల్ల చెంప మీద పడింది.

"ఎంత తింటివే?"

"తిన్లేదు మా."

"మిషన్ అబద్దం చెప్తాందా? నిజం చెప్పు."

"సామి మింద ఒట్టు మా. నేను తిన్లేదు."

సామి మీద ఒట్టు వేసి అబద్ధం చెప్పడం కూడా నేర్చిందని మల్లీశ్వరికి ఒళ్లు మండింది. గంగక్క అడ్డం వచ్చి, తాను పక్కనే ఉన్నానని, పిల్ల నోట్లో పలుకు కూడా పడలేదని చెప్పింది. గంప నెత్తిన పెట్టుకుని నడిచే మనిషికి కిందున్న పిల్ల నోరు ఏం కనపడుతుందని కోడలు అడిగింది. నిజానికి ముసలామెకూ ఎక్కడో శంక మొదలైంది. మిషన్‌కు బొట్టు పెట్టిన మనిషి, దాని మాట ఎట్లా కాదంటుంది.

రామాంజులు అప్పటికే పీరు ఎత్తుకోవడానికి పసుపుబట్ట కట్టుకుని, చెప్పులు విడిచి సిద్ధంగా ఉన్నాడు. వట్టికాళ్లతోనే గుట్టెక్కాడు. డాక్టరుకు ఆ అంకె చేరింది, ఆయనకూ అంకె తప్ప ఇంకేం కనిపిస్తుంది. త్వరగా పనిచేసే తేట మందు సిరంజిలో ఆరు గీతలు ఇప్పుడే వేయండి, రెండు గంటలాగి మళ్లీ చూడండి, మూడొందలకు దిగకపోతే ఇంకో మూడు వేయండి, వాంతులైతే బయల్దేరి వచ్చేయండి అని ఆయన మెసేజ్. రామాంజులు దిగొచ్చి ఆ మాటలు అప్పజెప్పి, పిల్ల తల నిమిరి, సావిడికి పోయాడు. ఫోను ఆయన మొలలోనే ఉండిపోయింది. అది ఎవరికీ ఆ క్షణాన తట్టలేదు.

మందు చల్లగా ఉండాలని పెట్టుకున్న తడి ఇసుక కుండలోంచి బుడ్డి తీసి మల్లీశ్వరి ఆరు గీతలు ఎక్కించింది. సునంద చెయ్యి చాపి కూర్చుంది. సూది గుచ్చినప్పుడు అమ్మ మొహంలోకి చూస్తూ మళ్లీ అదే మాట అంది, తిన్లేదని. మల్లీశ్వరి వినిపించుకోలేదు. గంగక్క పిల్లకు సంగటి ముద్ద పెట్టబోతే పళ్లెం లాగేసింది. ముందు ఆ అంకె దిగనీ, తర్వాత తిండి సంగతి చూద్దామంది.

ఊరి నడుమ తప్పెట్లు మొదలయ్యాయి. పీర్లు లేచాయి. వీధంతా ఖాళీ అయింది, అందరూ ఊరేగింపు వెంట పోయారు. మామూలుగా అయితే సునంద అందరికంటే ముందు పరిగెత్తేది. ఈరోజు చాప మీద ముడుచుకుని పడుకుంది.

"మా, ఆకలి."

"తిన్న చక్కెర అరగనీ" అంది మల్లీశ్వరి.

పిల్ల కళ్లు మూసుకుంది. కాసేపటికి నిద్రపోయినట్టు అనిపించింది. పోనీలే, లేచేసరికి అంకె దిగుతుంది అనుకుంటూ మల్లీశ్వరి శెనక్కాయలు వొలవడానికి కూర్చుంది. చేతులు వొలుస్తున్నాయి గానీ చూపు పిల్ల మీదే ఉంది. డాక్టరు చెప్పిన రెండు గంటలు కావస్తున్నాయి. పిల్ల నుదుటి మీద ఏదో మెరుస్తోంది. దగ్గరికి పోయి చూస్తే చెమట. జనవరి నెల, బయట ఎండ తగ్గి చలిగాలి మొదలైంది, రవిక తడిసి ఒంటికి అతుక్కుపోయేంత చెమట. చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది, వణుకుతోంది.

చెమట అంటే ఏమిటి. డాక్టరు ఏదో చెప్పాడు. చెమట పడితే తక్కువైనట్టా, ఎక్కువైనట్టా. మల్లీశ్వరికి తల పని చేయలేదు. తక్కువైతేనే చెమట అని మనసులో ఒక మూల నుంచి మాట వస్తోంది. నాలుగొందలు దాటిన పిల్లకు తక్కువ ఎట్లా అవుతుందని ఇంకో మాట దాన్ని తోసేస్తోంది. ఎటూ తేల్చుకోలేక ఎప్పుడూ చేసే పనే చేసింది. మిషన్‌ను అడుగుదామనుకుంది.

చెమట పట్టిన చేతిని కొంగుతో తుడిచి, ఇంకో వేలు పొడిచింది. చెయ్యి వణుకుతుంటే చుక్క పట్టీకి అంటడం కష్టమైంది. అయిదు, నాలుగు, మూడు. మూడొందల యాభై రెండు.

"దిగింది గానీ చాల్లేదత్తా" అంది.

గంగక్క పిల్ల పక్కన కూర్చుని చూసింది. పిల్ల వాలకం ఏం బాగలేదని, ఆ మిషన్ సంగతి తనకు తెలియదు గానీ ఇట్లాంటి చల్లచెమట తన చెల్లెలు పోయేముందు చూశానని చెప్పి లేచింది. కొడుకునూ ఫోనునూ పిలుచుకొస్తానని, మోకాళ్ల నొప్పులున్న మనిషి కొంగు దోపుకుని వీధిలోకి పరిగెత్తింది. తప్పెట్ల చప్పుడు అప్పటికే ఊరు దాటి ఏటి దారి పట్టింది.

ఇంట్లో మల్లీశ్వరి, పిల్ల, మిషన్ మిగిలారు. మూడొందలకు దిగకపోతే ఇంకో మూడు గీతలని డాక్టరు చెప్పాడు. కుండలోంచి బుడ్డి తీసి, సిరంజిలోకి మూడు గీతలు లాగింది. గాలి బుడగ లేకుండా చూసుకుంది. పిల్ల రవిక చెయ్యి పైకి జరిపింది.

అప్పుడు సునంద కళ్లు తెరిచింది. అమ్మను చూసి, "టీచర్, నేను రాసేసినా" అంది. ఆ కళ్లు మల్లీశ్వరిని చూస్తున్నాయి గానీ గుర్తుపట్టడం లేదు. కన్నకూతురు తనను ఎవరో అనుకుంటోంది. రెండేళ్ల కిందట లేపితే లేవని పొద్దు కళ్ల ముందు నిలబడింది. ఆలస్యం చేయకూడదు, ఆ రోజు ఆలస్యం చేసే కదా అంత పని అయింది. సూది చర్మానికి ఆనించబోయింది.

పొడిచిన వేలి నుంచి ఇంకా రక్తం కారుతోంది. చాప మీద, తన చీర మీద చుక్కలు పడుతున్నాయి. సిరంజి కుడిచేతిలో ఉంది, దూది అందేచోట లేదు. పిల్లలకు వేలు తెగితే ఏ తల్లయినా ఏం చేస్తుందో అదే చేసింది. ఆ వేలు నోట్లో పెట్టుకుని చప్పరించింది.

తియ్యగా ఉంది.

మొదట ఆమెకు తోచింది చాలా భయంకరమైన సంగతి. పిల్ల రక్తమే చక్కెరపాకమైపోయిందనుకుంది. ఇంకేం మందు వేస్తే తగ్గుతుంది ఇది, పిల్ల చేయి దాటిపోయింది అనుకుంది. ఆ వేలు వదిలేసి, ఎందుకో తనకే తెలియకుండా, పొడవని వేలు ఒకటి నోట్లో పెట్టుకుంది. అదీ తియ్యగానే ఉంది. అరచెయ్యి నాకింది. తియ్యగా, ఊదు వాసనతో, పలుకులు కూడా నాలుకకు తగిలాయి.

సిరంజి చేతిలోంచి జారిపోయింది. మిషన్ అబద్ధం చెప్పలేదు. తాను దాన్ని అడిగింది పిల్ల రక్తం గురించి కాదు, పిల్ల వేలికంటిన పీర్ల చక్కెర గురించి. రెండుసార్లూ దాన్ని గురించే అడిగింది. పిల్లా అబద్ధం చెప్పలేదు. పొద్దుటి నుంచి ఏమీ తినకుండా ఊరంతా తిరిగి వచ్చిన బిడ్డకు, రక్తంలో ఉన్న కాస్త చక్కెరను తుడిచిపెట్టే మందు తన చేత్తోనే ఎక్కించింది. తిండి పళ్లెం కూడా లాగేసింది. ఇంకొక్క క్షణం గడిచి ఉంటే ఇంకో మూడు గీతలు కూడా ఎక్కించేది.

మిషన్ వైపు మళ్లీ చూడలేదు. చక్కెర కావాలి. ఇంట్లో లేదు. ఉప్పు డబ్బా, పప్పు డబ్బా, చింతపండు కుండ అన్నీ కింద పడేసింది. లేకుండా చేసింది తనే, ఎక్కడ వెతికితే దొరుకుతుంది. పక్కింటికి పరిగెత్తింది. సుబ్బరత్నమ్మ ఇంటికి తాళం. ఎదురింటికి తాళం. పండగ రోజున ఒక్క ఇంట్లో మనిషి లేడు. ఎవరన్నా ఉండారా అని వీధి నడుమ నిలబడి అరిచింది, దూరంగా తప్పెట్లు తప్ప ఏమీ వినపడలేదు. మలుపులో మారెక్క గుడిసెకు తాళం లేదు, గొళ్లెమే. తోసుకుని లోపలికి పోయింది. గూట్లో దీపం పక్కన ఆకులో ఇంత చక్కెర ఉంది. ఊళ్లో ప్రతి ఇంట్లోనూ ఆ రోజు చక్కెర ఉంది, తన ఇంట్లో తప్ప. ఆకుతో సహా గుప్పిట్లో బిగించి వెనక్కి పరిగెత్తింది. కాలికి ఏదో గుచ్చుకుంది, చూసుకోలేదు.

సునంద చాప మీద నుంచి నేల మీదికి దొర్లి ఉంది. కళ్లు తేలేసింది. దవడలు బిగుసుకుపోతున్నాయి. మల్లీశ్వరి తల ఒళ్లోకి తీసుకుని, పక్కకు వాల్చి, వేళ్లతో చక్కెర తీసి పెదవుల మధ్య పెట్టబోయింది.

పిల్ల మొహం తిప్పేసుకుంది. "వద్దు" అంది. మాట ముద్దముద్దగా వచ్చింది. "తినను."

స్పృహ లేదు, అమ్మ ఎవరో తెలియదు, ఊరూ పేరూ తెలియదు. అయినా చక్కెర వాసన తగలగానే నోరు మూసుకోవాలని మాత్రం ఆ పిల్ల ఒంటికి తెలుసు. దెబ్బ కొట్టి నేర్పిన చదువు, అంత బాగా వంటబట్టింది. మల్లీశ్వరి ఇప్పుడు ఆ చదువుతోనే పెనుగులాడాలి. తిను తల్లీ, తినమ్మా, నేనే చెప్తున్నా తినమని అంటోంది. పళ్లు విడివడలేదు. గట్టిగా లాగితే ఊపిరికి అడ్డం పడుతుందేమోనని భయం, ఊరుకుంటే ఇంకా భయం. చివరికి పెదవి పక్కకు లాగి, బుగ్గకూ పళ్లకూ మధ్య వేలు దూర్చి, చక్కెర రుద్దింది. బయట ఆ బుగ్గ మీద మధ్యాహ్నపు దెబ్బ ఎర్రగా తేలి ఉంది. దాని వెనకే, లోపలి వైపు, వేలు పెట్టి రుద్దుతోంది. ఇంకొంచెం తీసి చిగుళ్లకు రుద్దింది. మళ్లీ ఇంకొంచెం.

ఏమీ మారలేదు. మల్లీశ్వరి పీర్ల సామిని పిలవలేదు, ఏ దేవుణ్నీ పిలవలేదు. పిల్ల పేరు తప్ప నోట్లోంచి ఏమీ రావడం లేదు. చచ్చిపోతుందేమో అన్న మాట లోపల ఒకటే తిరుగుతోంది. తన చేతుల్లో, తను వేసిన మందుతో, అబద్ధాలకోరని తను తిట్టిన పిల్ల, ఆకలి అంటే తను పెట్టని పిల్ల. ఆమెకు బతుకులో అంత భయం ముందెన్నడూ వేయలేదు, తర్వాత ఎన్నడూ వేయలేదు కూడా.

సునంద గొంతు కదిలింది. నోట్లో ఊరినదాన్ని మింగింది. మల్లీశ్వరి ఇంకొంచెం రుద్దింది. మళ్లీ మింగింది. దవడ కొద్దిగా వదులైంది. కనురెప్పలు కొట్టుకున్నాయి. చాలాసేపటికి ఆ చూపు అటూ ఇటూ తిరిగి, అమ్మ మొహం మీద ఆగి, ఎవరో తెలుసుకున్నట్టు నిలిచింది. పిల్ల నాలుక తన పెదవుల చుట్టూ తిప్పుకుంది. ఏదో తెలిసినట్టు కళ్లు పెద్దవయ్యాయి.

అప్పుడే వాకిట్లో కాళ్ల చప్పుడైంది. రామాంజులు పీరును ఇంకొకరి చేతికిచ్చి ఏటి దారి నుంచి పరిగెత్తుకొచ్చాడు, వెనక గంగక్క రొప్పుతూ వస్తోంది. గడపలో నిలబడి చూస్తే డబ్బాలు దొర్లి ఉన్నాయి, పిల్ల మూతి నిండా చక్కెర, పెళ్లాం చేతినిండా చక్కెర.

"చక్కెర పెడ్తాండావా పిల్లకి? నీకేమన్నా పిచ్చి పట్టిందా మే?"

ఆ గొంతు విని సునంద ఉలిక్కిపడింది. లేవబోయి లేవలేక, వణుకుతున్న చేత్తో నోరు మూసుకుంది.

"నేను తిన్లేదు నాయనా" అంది వేళ్ల సందుల్లోంచి. "అమ్మే పెట్టింది. కావాలంటే అడుగు."

రామాంజులు మల్లీశ్వరి వైపు చూశాడు.

"నేనే పెట్టినా" అంది. "పొద్దున గూడా అది తిన్లేదు. చేతికంటిన చక్కెరను చూసి మిషన్ చెప్పింది. అది చెప్తే నమ్మితి, బిడ్డ చెప్తే నమ్మలే."

రామాంజులు వచ్చి పిల్ల కాళ్ల దగ్గర కూర్చున్నాడు. గంగక్క సంగటి పళ్లెం కోసం వంటగదిలోకి పోయింది. మల్లీశ్వరి ఆకులో మిగిలిన చక్కెరను వేళ్లతో పోగుచేసి, నోరు తెరవమ్మా, ఇంకొంచెం తినాలి అని చెయ్యి ఎత్తింది.

చెయ్యి దగ్గరికి రాగానే సునంద కళ్లు గట్టిగా మూసుకుని, భుజాలు ముడుచుకుని, చెంప ఒకటి ఆమె వైపు తిప్పింది. ఆ తర్వాత నోరు తెరిచింది.